ఓపీ చీటీకి వెల



డాక్టరుగారి పేరిట ఈ ధర్మనిధి నెలకొల్పిన మిత్రులు ఈ సభలో ఏం మాట్లాడాలో నాకే వదిలేశారు. ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆరోగ్య కేంద్రంలో రోగి దగ్గర రుసుము తీసుకోవచ్చా అన్న ప్రశ్న ఎంచుకున్నాను. డాక్టరుగారు సర్కారు కొలువులో ఉన్నన్నాళ్ళూ పైఅధికారులతో తగవుపడింది దీని మీదే. నా మాట ముందే చెప్పేస్తాను. తీసుకోకూడదు. పది రూపాయలైనా తీసుకోకూడదు.

స్వాతంత్ర్యానికి ముందే ఈ దేశం ఈ ప్రశ్నకు జవాబు రాసిపెట్టుకుంది. 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేకపోయినందువల్ల ఏ మనిషికీ వైద్యం దక్కకుండా పోకూడదన్నది అందులో మొదటి సూత్రం. అమలు అంతంతమాత్రమే అయినా, చాలాకాలం ఆ సూత్రాన్ని పైకి ఎవరూ కాదనలేదు. 1987లో గాలి మారింది. పేదదేశాలు ప్రభుత్వ వైద్యానికి జనం దగ్గర రుసుములు వసూలు చేయాలని ఆ ఏడాది ప్రపంచబ్యాంకు ఒక విధానపత్రంలో సలహా ఇచ్చింది. అదే ఏడాది ఆఫ్రికా ఆరోగ్యమంత్రులు మాలి రాజధాని బమాకోలో సమావేశమై, మందులమ్మిన డబ్బుతో ఊరి ఆరోగ్య కేంద్రాలు నడపాలని తీర్మానించారు.

ఆ గాలి మనదాకా రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1986 చట్టంతో మన ఆంధ్రప్రదేశ్‌లో వైద్య విధాన పరిషత్తు ఏర్పడింది. 1990ల మధ్యలో ప్రపంచబ్యాంకు అప్పుతో ఆ పరిషత్తు ఆసుపత్రులను బాగుచేశారు. కొత్త వార్డులు లేచాయి, ఆపరేషన్ థియేటర్లు వచ్చాయి, పరికరాలు వచ్చాయి. ఆ మేలు కాదనలేం. దాంతోపాటే రుసుముల విధానమూ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇండోర్‌లోని మహారాజా యశ్వంతరావు ఆసుపత్రిలో ఎలుకలను తరిమి, ఆవరణ శుభ్రం చేసి, రోగి కల్యాణ సమితి పెట్టారు. రుసుము డబ్బు ఖజానాకు పోకుండా ఆసుపత్రిలోనే ఖర్చవుతుంది, పేదలకు మినహాయింపు ఉంటుంది అన్నారు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆ నమూనాని దేశమంతా పరిచింది. కాగితం మీద చూస్తే వంక పెట్టలేని ఏర్పాటు అది.

ఆ మినహాయింపు కౌంటరు దగ్గర ఎలా పనిచేస్తుందో నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఊరు, ఆసుపత్రి పేరు వద్దు. వలసొచ్చి ఇటుకబట్టీలో పనిచేస్తున్న ఒకామె భర్తను తీసుకొచ్చింది. అతనికి నెల దాటి దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. తెల్లకార్డు ఏదమ్మా అని గుమస్తా అడిగాడు. అతను చెడ్డవాడు కాదు, పైవాళ్ళు చెప్పిన రూలు పాటిస్తున్నాడంతే. కార్డు ఊళ్ళో అత్తమ్మ దగ్గరుందయ్యా అంది. అయితే చీటీకి, ఎక్స్‌రేకి డబ్బు కట్టాలన్నాడు. కొంగుముడి విప్పి చూసుకుంది. తిరుగు బస్సుకు సరిపడా ఉంది. మళ్ళీ సంతరోజు వస్తాంలే అని భర్త చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. కళ్లె పరీక్ష ఉచితమే. క్షయ మందులూ ఉచితమే. కానీ ఆ ఉచితం కౌంటరు దాటిన తర్వాత మొదలవుతుంది. ఆ మనిషి బట్టీ దగ్గర పాకలో ఇంకో పదిమంది మధ్య పడుకుని దగ్గుతూనే ఉంటాడు.

రుసుము గురించి మాట్లాడేవాళ్ళు మరిచిపోయేది ఇదే. మోకాలు నొప్పికి వైద్యం చేయిస్తే లాభం ఆ మోకాలుగల మనిషిది. క్షయకు, మలేరియాకు, సుఖవ్యాధులకు చేయిస్తే లాభం ఊరందరిదీ. అలాంటి రోగిని నువ్వు రావడమే మాకు మేలు అని పిలిచి కూర్చోబెట్టాలి. గుమ్మంలోనే వెల అడిగితే అతను ఆగిపోతాడు, జబ్బు మాత్రం ఆగదు.

ఇది నా ఊహ కాదు. కెన్యా ప్రభుత్వం 1989 చివర రుసుములు పెట్టింది. నైరోబీలో సుఖవ్యాధులకు చికిత్స చేసే ప్రభుత్వ క్లినిక్కుకి వచ్చే మగవాళ్ళ సంఖ్య మునుపటిలో 40 శాతానికి, ఆడవాళ్ళ సంఖ్య 65 శాతానికి పడిపోయింది. హెచ్ఐవీ ఆ నగరాన్ని కమ్ముకుంటున్న రోజులవి. సుఖవ్యాధి ముదిరితే హెచ్ఐవీ సోకడం మరింత తేలిక. రాకుండా పోయిన ఆ రోగుల వల్ల ఎన్ని ఇళ్ళకు ఆ జబ్బు పాకిందో లెక్కగట్టే దారి లేదు. ఏడాది తిరక్కుండానే ప్రభుత్వం రుసుము నిలిపేసింది, తర్వాత మళ్ళీ మెల్లగా తెచ్చింది.

ఊరికే ఇస్తే జనానికి విలువ తెలియదు అనే మాట మనం రోజూ వింటాం. చదువుకున్నవాళ్ళే అంటారు. దీనికీ కెన్యాలోనే జవాబు దొరికింది. బడిపిల్లలకు నులిపురుగుల మాత్రలు ఉచితంగా ఇచ్చినచోట 75 శాతం మంది వేసుకున్నారు. తల్లిదండ్రుల దగ్గర కొద్దిపాటి రుసుము తీసుకున్నచోట వేసుకున్నవాళ్ళు 20 శాతం లోపే. ఈ పరిశోధన చేసినవారిలో మైఖేల్ క్రేమర్ ఒకరు, 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నవారిలోనూ ఆయన ఉన్నారు. గర్భిణులకు దోమతెరలిచ్చి చేసిన ఇంకో పరిశోధన ఉంది. ఉచితం నుంచి అర డాలరుకు కాస్త మించిన ధరకి వెళ్ళగానే తీసుకునేవాళ్ళు 60 శాతం పాయింట్లు తగ్గిపోయారు. ఉచితంగా తీసుకున్నవాళ్ళు తెర కట్టుకోకుండా మూలన పడేశారా అని ఇళ్ళకు వెళ్ళి చూశారు. కొనుక్కున్నవాళ్ళకు ఏమాత్రం తీసిపోకుండా వాడుతున్నారు. విలువ తెలియదన్న మాట ఇక మానుకోవాలి.

పోనీ, డబ్బైనా వచ్చిందా? సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల లెక్కలు చూస్తే, రుసుముల రాబడి ఆరోగ్యశాఖల రోజువారీ ఖర్చులో సగటున 5 శాతం దగ్గరే తేలింది. అందులోంచి రసీదు పుస్తకాలకు, గుమస్తాలకు, ఆడిట్‌కు పోయేది తీసేయాలి. కౌంటరు చూసి వెనుదిరిగిన మనిషి ఏ రసీదులోనూ కనబడడు కనుక, ఆ నష్టం ఏ లెక్కకీ ఎక్కదు.

అయితే రుసుము ఎత్తేస్తే అంతా సర్దుకుంటుందని నేననడం లేదు. ఉగాండా 2001 మార్చిలో, అధ్యక్ష ఎన్నికల ముందు, ప్రభుత్వ వైద్యంలో రుసుములు రద్దుచేసింది. జనం, ముఖ్యంగా పేదలు, పెద్దసంఖ్యలో కదిలి వచ్చారు. కానీ కేంద్రాల్లో మందులు నిండుకున్నాయి. చీటీ రాయించుకుని బయట కొనుక్కున్నారు. దాంతో నిరుపేద కుటుంబాల మీద వైద్యఖర్చుల భారం అనుకున్నట్టు తగ్గలేదు. మనకిది కొత్త సంగతేమీ కాదు. డాక్టరు ఉచితంగా చూస్తారు, మందులు మాత్రం ఎదురుగా ఉన్న మెడికల్ షాపులో అనే ఆసుపత్రులు మనకెన్ని లేవు? జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పోయేది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గింది, సంతోషమే. కానీ ఆ జేబు ఖర్చులో పెద్దభాగం ఇప్పటికీ మందులదే.

అందుకే తమిళనాడును చూడమంటాను. అక్కడి వైద్యసేవల కార్పొరేషన్ 1995 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి మందులు కొంటోంది. బ్రాండు పేరుతో కాదు, మందు అసలు పేరుతో టెండరు. జిల్లాల్లో గోదాములు. వచ్చిన సరుకు నమూనా ల్యాబులో నెగ్గాకే ఆసుపత్రికి కదులుతుంది. ప్రతి ఆసుపత్రికీ, ప్రతి ఆరోగ్య కేంద్రానికీ ఒక పాసుపుస్తకం ఉంటుంది. ఏడాదికి ఇంత విలువైన మందులు నీవి అని అందులో రాసి ఉంటుంది, తీసుకున్నకొద్దీ తగ్గిస్తూ పోతారు. మారుమూల ఫార్మసిస్టుకు కూడా తన వాటాలో ఎంత మిగిలిందో తెలుసు. రాజస్థాన్ ఈ దారి చూసే 2011 అక్టోబరు 2న ఉచిత మందుల పథకం మొదలుపెట్టింది. మనకూ కార్పొరేషన్లున్నాయి, సెంట్రల్ డ్రగ్ స్టోర్లున్నాయి. ఇండెంటు పెట్టిన మందు ఇండెంటు పెట్టిన నెలలో వస్తోందా అన్నదే మనం పట్టుకుని కూర్చోవలసిన ప్రశ్న.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అనవచ్చు. 2007లో మొదలైన ఆ పథకం ఎందరి గుండెలనో కాపాడింది. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక ఆదుకునే పథకం. గుండె ఆపరేషనుకు లక్షలు కట్టగల ప్రభుత్వం, జ్వరానికి రక్తపరీక్ష చేయడానికి పేదవాడి ముందు రసీదు పుస్తకం తెరవడం నాకు ఎప్పటికీ కొరుకుడు పడదు.

ఈ బెడద తీరిపోయిందనుకోవద్దు. 2024 నవంబరులో బెంగళూరు విక్టోరియా ఆసుపత్రిలో ఓపీ నమోదు రుసుము 10 రూపాయల నుంచి 20 రూపాయలు చేశారు. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి బతుకుతెరువుకు వెళ్ళిన మనవాళ్ళు జబ్బుచేస్తే వెళ్ళేది అలాంటి పెద్దాసుపత్రులకే. ఖజానా ఇరుకున పడ్డప్పుడల్లా ఏ రాష్ట్రంలోనైనా ముందు కనబడేది ఈ చిల్లరే.

ఈ సభలో ఆసుపత్రి అభివృద్ధి కమిటీల సభ్యులు ఉన్నారు, పత్రికలవాళ్ళు ఉన్నారు. మీకు నాదొక విన్నపం. మీ ఏరియా ఆసుపత్రికి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. గత ఏడాది రోగుల దగ్గర ఏ పేరుతోనైనా వసూలైన మొత్తం ఎంత? అది వసూలు చేయడానికి అయిన ఖర్చు ఎంత? ఏ మందులు ఎన్ని రోజులు లేకుండా పోయాయి? ఈ మూడూ అడగండి. వచ్చిన జవాబును కమిటీ సమావేశంలో చదివి మినిట్స్‌లో ఎక్కించండి, మీ ఎమ్మెల్యేకు ఒక ప్రతి ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు చేయండి.