కాళ్ళ నొప్పి అంటే సాకు అనుకున్నాను

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం నాడు మన భాష గురించో, భూమి గురించో మాట్లాడమంటారనుకున్నాను. కీళ్ళ నొప్పుల గురించి, ఊళ్ళో దొరికే వైద్యం గురించి చెప్పమన్నారు. ఇందాక థింసా ఆడి మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నవాళ్ళను చూశాక, అడిగింది సరైనదే అనిపించింది.

నేను డాక్టరును కాను. టీచర్ ట్రైనింగ్ చేసి వార్డెన్ ఉద్యోగంలోకి వచ్చినదాన్ని. అందుకే నా తప్పుతోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ళ కిందట మా హాస్టల్లో ఏడో తరగతి పిల్ల ఒకతె ఉండేది. చలి మొదలైతే చాలు, "మేడం, కాళ్ళు లాగుతున్నాయి, మోచేతులు నొప్పి" అనేది. మన కొండల మీద డిసెంబరు మంచు మీకు తెలుసు. ఆ మంచులో తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, తర్వాత ప్రేయరు. ఈ పిల్ల దుప్పటి కింద నుంచి లేచేది కాదు. సాకు అనుకున్నాను. కోప్పడ్డాను. మరీ ఏడిస్తే బామ్ రాసి బడికి పంపాను. ఒక రాత్రి పిల్ల అరుపులు ఆగలేదు. 108 లో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. రక్త పరీక్షలో సికిల్ సెల్ జబ్బు అని తేలింది.

ఆ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం అందని చోట ఎముక నొప్పి పుడుతుంది. చలి, జ్వరం, నీళ్ళు తాగకపోవడం, ఒళ్ళు అలిసిపోవడం ఆ నొప్పిని రేపుతాయి. అంటే ఏ చన్నీళ్ళ స్నానానికి నేను పిల్లను తరిమానో, అదే నొప్పి తెచ్చింది. ఆ మాట డాక్టరుగారు చెప్పినప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత ఆమెకు వేడినీళ్ళు, స్వెట్టరు, మంచం పక్కన నీళ్ళ సీసా ఏర్పాటు చేశాం. డాక్టరు రాసిన హైడ్రాక్సీయూరియా మాత్ర రోజూ నా ఎదుటే వేసుకునేది. నొప్పులు పూర్తిగా పోలేదు, కానీ బాగా తగ్గాయి.

ఈ జబ్బు మన గిరిజన జాతుల్లో ఎక్కువ కాబట్టే 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. పుట్టిన బిడ్డ నుంచి 40 ఏళ్ళ వరకు పరీక్ష ఉచితం. ఏఎన్ఎం గారు వేలు గుచ్చుతామంటే పిల్లల్ని అడవిలోకి పంపేయకండి. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. సంబంధం ఖాయం చేసుకునే ముందే ఇద్దరి కార్డులూ చూసుకోండి. జబ్బు ఉన్నవాళ్ళకు మన రాష్ట్రంలో నెలకు 10,000 పింఛను కూడా ఉంది.

ఇక పెద్దవాళ్ళ సంగతి. కట్టెల మోపు, నీళ్ళ బిందె, కాఫీ పళ్ళ బస్తా, అన్నీ నెత్తి మీదే. దిగుడులో ఆ బరువంతా మోకాలి మీద పడుతుంది. నొప్పి వస్తే ఏం చేస్తున్నాం? సంతలో ఇంజక్షను. సాయంత్రానికి హాయి, మళ్ళీ వారం మళ్ళీ ఇంజక్షను. అలా నెలల తరబడి స్టెరాయిడ్ ఎక్కించుకుని ముఖం ఉబ్బిన అమ్మ నాకు తెలుసు. ఎముకలు కూడా బలహీనపడతాయి. నొప్పి మాత్రలు ఖాళీ కడుపున రోజూ మింగితే పొట్ట, మూత్రపిండాలు పాడవుతాయి.

ఆరోగ్య ఉపకేంద్రం జ్వరాలకీ కాన్పులకీ మాత్రమే అని మనవాళ్ళ నమ్మకం. అక్కడి సీహెచ్‌ఓ ఫోన్లో ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడిస్తారు. 104 బండి వచ్చినప్పుడు డాక్టరే వస్తారు. బండి వచ్చే రోజు సంత రోజు ఒకటైతే మనం సంతకే పోతాం, నేనూ అంతే. ఆ రోజు మార్చమని సర్పంచ్ గారితో అడిగించండి, అడగడంలో తప్పు లేదు. కాళ్ళూ చేతులూ సరిగా కదలని పిల్లలకు మండలంలో భవిత కేంద్రం ఉంది, ఫిజియోథెరపీ అక్కడ చేస్తారు.

ఫిజియోథెరపిస్టు చెప్పిన కసరత్తు మనవాళ్ళు రెండు రోజులు చేసి, "మందు ఇవ్వలేదు, కాలు ఊపమన్నారు" అని నవ్వుతారు. అరిగిన మోకాలికి ఆ ఊపడమే వైద్యం. అరుగు మీద కూర్చుని కాలు చాపి, పది లెక్కపెట్టి దించాలి. వారాల తరబడి చేస్తేనే తొడ కండ బలపడి మోకాలి బరువు మోస్తుంది.

చెట్టుమందు వద్దనను. బెణుకుకు మా అమ్మ కట్టే ఆకు నేనూ కట్టించుకుంటాను. కానీ కీలు వాచి జ్వరం వచ్చినా, నడుం నొప్పితో కాళ్ళు తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా ఆకుతో కూర్చోకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. రాత్రిళ్ళు వెన్ను నొప్పి, మనిషి చిక్కిపోతుంటే వెన్నెముక క్షయ కూడా కావచ్చు. దానికి మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పోయిన చలికాలం ఫోన్ చేసి, "మేడం, ఇక్కడ హాస్టల్లో వేడినీళ్ళు ఇవ్వడం లేదు, మీరు వార్డెన్‌తో మాట్లాడండి" అంది. మాట్లాడాను.

పందిరి వెనక ఏఎన్ఎం గారు రక్త పరీక్ష కిట్లతో కూర్చున్నారు. భోజనాలకు ఇంకా అరగంట ఉంది. 40 లోపు వాళ్ళు అటు రండి, మా పిల్లలు దారి చూపిస్తారు.