బస్తర్ క్యాంపులో జనరేటరూ, సోలారూ

నేను ఆర్మీవాణ్ని కాను, సి.ఆర్.పి.ఎఫ్. సిగ్నల్స్‌లో చేసి రిటైరైనవాణ్ని. అయినా పిలిచి మైకు ఇచ్చారు, సంతోషం. ఊరి బయట ఇళ్లు కట్టుకున్న మన సభ్యులు కొందరు జనరేటర్ పెట్టాలా, సోలార్ పెట్టాలా అని అడుగుతున్నారు. నాకు తెలిసిందల్లా బస్తర్ అడవిలో నేర్చుకున్నదే, అది చెబుతాను.

2012లో మా కంపెనీ సుక్మా జిల్లాలో దోర్నపాల్–జగర్‌గుండ రోడ్డు వైపు ఉండేది. కరెంటు లైను లేదు. 15 కె.వి.ఎ. జనరేటర్ గంటకు రెండున్నర లీటర్లు తాగేది. రాత్రికి 8 గంటలు నడిపితే 20 లీటర్లు, అంటే పది రోజులకో డ్రమ్ము. ఆ డ్రమ్ము రావాలంటే రోడ్ ఓపెనింగ్ పార్టీ తెల్లవారకముందే లేచి, మందుపాతర ఉందేమోనని అడుగడుగూ వెతుక్కుంటూ నడవాలి. శ్రీకాకుళం కుర్రాడొకడు అనేవాడు, "సార్, ఈ లైటు నా కాళ్ల మీద నడిచొచ్చింది" అని. నవ్వుతూనే అనేవాడు, నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. 2006లో ఇరాక్‌లోని అన్బార్‌లో ఉన్న అమెరికా మెరీన్ జనరల్ జిల్మర్ కూడా, ఇంధనం లారీల రాకపోకలు తగ్గాలి, సోలార్ సామాను పంపండి అని పైవాళ్లకు అత్యవసరంగా రాశారు.

ఇంకొకటి చప్పుడు. జనరేటర్ మోగుతుంటే మోర్చాలో సెంట్రీకి ఎండుటాకు అలికిడి వినపడదు. మనమెక్కడున్నామో మాత్రం అడవంతటికీ వినపడుతుంది.

సోలార్ వచ్చాక లెక్క వేశాను. 11 వాట్ల సి.ఎఫ్.ఎల్. బల్బులు 40, పది గంటలు వెలిగితే 4.4 యూనిట్లు. 12 వోల్టుల 150 ఏ.హెచ్. బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు, అందులో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. అందుకని ఎనిమిది బ్యాటరీలు, ఒకటిన్నర కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టాం. పలకలో ఒక మూల చెట్టు నీడ పడ్డా వరుస మొత్తం దిగజారుతుంది, అది చూసుకోవాలి.

ఒక తప్పు నాదే. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని బోరు నీళ్లు పోయనిచ్చాను. అక్కడి నీళ్లలో ఇనుము ఎక్కువ, బకెట్టుకు ఎర్రగా పొర కట్టేది. నాలుగు నెలల్లో రెండు బ్యాటరీలు పోయాయి. వాటి బదులు వచ్చినవీ ఆ రోడ్డు మీదే రావాలి కదా!

జనరేటర్‌ని తీసేయలేదు. మూడు హార్స్ పవర్ నీళ్ల మోటారు స్టార్టింగ్‌లో ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, మా ఇన్వర్టర్ వల్ల కాదు. అందుకని పట్టపగలు ఒక గంట జనరేటర్ నడిపి ట్యాంకు నింపి, వైర్‌లెస్ బ్యాటరీలు కూడా అప్పుడే ఛార్జి చేసేవాళ్లం. ఎండాకాలంలో డ్రమ్ము రెండు నెలలు దాటి వచ్చింది. జులై, ఆగస్టుల్లో మబ్బు వదలక ప్యానెళ్లు సగం కూడా ఇచ్చేవి కావు, రాత్రి కొంతసేపు మళ్లీ డీజిలే.

మీ ఇంటికైనా ముందు మోటారును, లైట్లను వేరు చేసి లెక్క వేసుకోండి. కాగితం, పెన్ను తెస్తే భోజనాల దగ్గర నేనే వేసిస్తాను. సెలవు.