సైన్సు మన పిల్లల తలకెక్కదా?

(మల్లాపూర్‌లో తల్లిదండ్రులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మల్లాపూర్‌కు ఇంత దూరంలనే, తార్నాక, హబ్సిగూడల మీదుగా ఉప్పల్ పోయే రోడ్డు మీద, దేశమంతా పేరున్న మూడు ప్రయోగశాలలున్నయి. రసాయనాల ఐఐసీటీ 1944లో మొదలైంది. భూగర్భ పరిశోధనల ఎన్‌జీఆర్‌ఐ 1961లో వచ్చింది. జీవకణాల మీద పనిజేసే సీసీఎంబీ 1977లో వచ్చింది. ఇటు చూస్తే నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు. అక్కడి కంపెనీల్ల డ్రమ్ములు మోసేది, తొట్లు కడిగేది మనోళ్లే. ఈ రెంటి నడుమ మన పిల్లలు చదివే సర్కారు బడి. ఆ బడిల సైన్సు పీరియడ్ ఎట్ల నడుస్తదో మీ పిల్లల్నే అడగండి. సారు పుస్తకం చదువుతడు, పిల్లలు నోట్సు రాసుకుంటరు, పరికరాల బీరువాకు తాళముంటది.

పదో తరగతిల సైన్సు తప్పితే ఒక మాట తయారుగ ఉంటది. "ఈ పోరగాండ్లకు సైన్సు తలకెక్కదు." ఆ మాట కొందరు నోటితో అంటరు, కొందరు చూపుతో అంటరు. మనల కూడా కొందరు దాన్ని నమ్మి, పిల్లోన్ని పనికి తోలుతున్నరు. అందుకే ఇయ్యాల ఈ ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం. దీనికి తిట్టుతో జవాబు చెప్పొచ్చు, మనకు తిట్లు తక్కువేం లేవు. కానీ నలభై ఏండ్ల కిందనే పరిశోధనతో జవాబిచ్చిన ఒక ప్రొఫెసర్ ఉన్నడు. ఆయన సంగతి మన బస్తీలకు ఎవరూ చెప్పలేదు.

ఆయన పేరు వి.జి. కులకర్ణి. మనోడు కాదు. అయినా చేసిన పనిని పనిగా చూడాలె. బొంబాయిల టాటా పరిశోధనా సంస్థల భౌతికశాస్త్రం చేసిన మనిషి, తర్వాత సైన్సు ఎట్ల నేర్పాలన్న దాని మీదికి మళ్లిండు. 1974లో ఆ సంస్థ పెట్టిన హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రానికి మొదటి బాధ్యుడైండు. ఆ కేంద్రం మొదలైంది అద్దాల మేడల కాదు, నానా చౌక్‌లోని మున్సిపల్ బడిల. కూలోళ్ల పిల్లలు, మురికివాడల పిల్లలు చదివే బడుల వ్యవహారం వాళ్ల కళ్ల ముందరనే ఉండె.

1980 నుంచి కులకర్ణి, ఆయనతో పాటు ఎస్.సి. అగార్కర్ ఒక పని పెట్టుకున్నరు. బొంబాయి మున్సిపల్ హైస్కూళ్లల్ల షెడ్యూల్డు కులాల పిల్లల్ని పరీక్ష పెట్టి ఎంచుకున్నరు. మూడేండ్ల పాటు వాళ్లకు విడిగా క్లాసులు నడిపిండ్రు. ఆ క్లాసులల్ల బట్టీ లేదు. పిల్లలతో మాట్లాడిండ్రు, ప్రశ్నలు అడగనిచ్చిండ్రు, చేతులతో చేయనిచ్చిండ్రు, చదివింది సొంత మాటల్ల చెప్పమన్నరు. బోర్డు పరీక్షల్ల ఆ పిల్లల ఫలితాలు బాగా పైకి లేచినయి. 1985లో ఆ పనంతా పుస్తకంగ అచ్చేసిండ్రు. తెలివి పిల్లల దగ్గర ముందే ఉన్నది, దాన్ని కప్పిపెట్టింది బడి. ఆ పుస్తకం తేల్చింది ఇదే.

అదే కేంద్రం ఇంకో సంగతి కూడా పట్టుకున్నది. సైన్సు పాఠాల్ల విషయం మార్చకుండ, మాటలు మాత్రం తేలిక చేసి పిల్లలతో చదివించిండ్రు. ఒట్టిగ భాష మార్చినందుకే పిల్లలకు పాఠం బాగా అర్థమైంది.

ఇది మరాఠీ ముచ్చట. మన తెలుగు సంగతేంది? "ద్రవాభిసరణం" అంటడు సారు. పిల్లోడు నోరు తెరిచి చూస్తడు. వాళ్లమ్మ ఎండాకాలంల మామిడి ముక్కలకు ఉప్పు కలిపి జాడీల పెడితే తెల్లారేసరికి ఊట ఊరుతది. ముక్కల్లోని నీళ్లు ఉప్పున్న దిక్కుకు గుంజుకపోతయి. ద్రవాభిసరణమంటే అదే! "బాష్పోత్సేకం" అంటరు. చెట్టు కొమ్మకు ప్లాస్టిక్ సంచి కట్టి, పొద్దుగూకేముందు విప్పి చూస్తే లోపల నీటి చుక్కలుంటయి. ఆకు తన నీటిని ఆవిరిగ బయటికి వదులుతది, అంతే. బాబాసాహెబ్ చిన్నగున్నప్పుడు బడిల ఆయనకు సంస్కృతం చెప్పమన్నరు, ఆయన పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. ఆనాడు మనకు వద్దన్న సంస్కృతమే ఈనాడు తెలుగు సైన్సు పుస్తకంల కూసొని, మన పిల్లల్ని గడప అవతలనే నిలబెడుతున్నది.

దీన్ని పట్టుకొని కొందరు పెద్దలు "చూసిండ్రా, మాతృభాషలనే చదవాలె, మీకు ఇంగ్లీషు మీడియం ఎందుకు?" అంటరు. వాళ్ల పిల్లలు ఏ మీడియంల చదువుతున్నరో వాళ్లను అడగండి. పుస్తకంల తెలుగు మన తల్లుల భాష ఎన్నడైంది? తెలంగాణల 2022-23 నుంచి సర్కారు బడుల్ల ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం తెచ్చిండ్రు. మంచిదే, మనం కొట్లాడి అడిగిందే. కానీ అర్థంకాని తెలుగు పోయి అర్థంకాని ఇంగ్లీషు వస్తే మనకు ఒరిగేదేంది? ఇంగ్లీషు కావాలె, దాన్ని విప్పి చెప్పే సారూ కావాలె.

ఇంకొకటి. మన వాడల్లనే సైన్సున్నది. మాదిగ తాతలు లందల తోలు ఊనినప్పుడు ఏం చేసిండ్రు? ముందు సున్నం నీళ్లల్ల నానబెట్టిండ్రు, ఎంటికలు ఊడినయి. తర్వాత తంగేడు చెక్క నీళ్లల్ల వేసిండ్రు. చెక్కలోని ఒగరు పదార్థం తోలులోని మాంసకృత్తులతో కలిసి దాన్ని కుళ్లనియ్యదు. సున్నం క్షారమని, తంగేడు ఒగరును టానిన్ అంటరని పుస్తకంల ఉంటది. కానీ ఆ పాఠంల లంద ఉండదు. ఎందుకుండదు? లంద వాసన పుస్తకం రాసేటోనికి పడదు గనుక. కంచ ఐలయ్య 2007లో ఇంగ్లీషుల పిల్లల కోసం రాసిన పుస్తకంల మన కులవృత్తుల జ్ఞానాన్ని పాఠాలు చేసిండు. అసొంటివి ఒకటి రెండుతో సరిపోదు.

ఇగ సార్లను తయారుచేసే కాలేజీల సంగతి. 1963లో కేంద్రం నాలుగు ప్రాంతీయ విద్యా కళాశాలలు పెడితే మన దక్షిణాదికి మైసూరు వచ్చింది. 1986 విద్యావిధానం తర్వాత జిల్లాల్ల డైట్లు వచ్చినయి. బీఎడ్‌ను 2015లో రెండేండ్లు చేసిండ్రు. ఏండ్లు పెరిగినయి, పద్ధతి ఎంత మారిందో ట్రైనింగు అయ్యొచ్చిన మన పిల్లల్నే అడగండి. ఎంఎడ్, పీహెచ్‌డీల్ల "షెడ్యూల్డు కులాల విద్యార్థుల సైన్సు సాధన" లాంటి అంశాలు తీసుకుంటరు. మన పిల్లలకు పరీక్ష పెడతరు, మార్కులు పట్టికల్ల ఎక్కిస్తరు, తక్కువున్నయని రాస్తరు, డిగ్రీ తీసుకుంటరు. ఆ పట్టిక బస్తీకి తిరిగి రాదు. కులకర్ణి పనికీ దీనికీ తేడా ఇక్కడున్నది. ఆయన పాఠం చెప్పే తీరు మార్చి, తర్వాత కొలిచిండు. పిల్లల్ని మాత్రమే కొలిచి వదిలేసేటోడు మన దగ్గరున్న లోటును మనకే చూపించి పోతడు.

సార్లను మార్చొచ్చు. దానికి రుజువు హోషంగాబాద్. మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాల 1972లో 16 బడుల్ల సైన్సును ప్రయోగాలతో చెప్పుడు మొదలుపెట్టిండ్రు. 1978లో జిల్లా అంతా పాకింది. యూనివర్సిటీ ప్రొఫెసర్లు వచ్చి పల్లెటూరి సార్లతో కలిసి ప్రయోగాలు చేసిండ్రు. పరీక్షల పుస్తకం తెరిచి రాయొచ్చు, బట్టీతో పనిలేదు. 1982 నుంచి దాన్ని నడిపిన సంస్థ పేరు ఏకలవ్య. బొటనవేలు ఇచ్చినోని పేరు పెట్టుకున్న ఆ పనిని 2002లో అక్కడి ప్రభుత్వమే ఆపేసింది. ముప్పై ఏండ్ల పని ఒక్క ఉత్తర్వుతో పోయింది. ఎందుకంటే దాన్ని కాపాడుకునే పోరాటం బస్తీలల్ల, వాడలల్ల లేదు. ఇది మనం గుర్తుపెట్టుకోవాలె.

మరి మల్లాపూర్‌ల ఏం జెయ్యాలె? విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం సర్కారు బడి కమిటీల నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలె, సగం మంది ఆడోళ్లుండాలె, బలహీన వర్గాలకు జనాభాను బట్టి చోటుండాలె. మీటింగుకు పోండి. మధ్యాహ్న భోజనం అడగండి, మరుగుదొడ్లు అడగండి, దాంతో పాటు బీరువా తాళం తీయమని అడగండి. ఈ నెల ఎన్ని ప్రయోగాలు చేయించిండ్రో రికార్డు చూపమనండి. సారుతో కొట్లాటకు దిగొద్దు, చాలామంది సార్లు ఒంటరిగ తిప్పలు పడుతున్నరు. రసాయనాలు అయిపోతే కొనే పైసల కోసం పైకి రాసే కాగితం మీద మనం కూడా సంతకాలు పెడదాం.

మన యువకులకు ఇంకో పని. హబ్సిగూడ ప్రయోగశాలల్ల పరిశోధన చేస్తున్న మన పిల్లలుంటే వెతికి పట్టుకోండి. నెలకొక్క ఆదివారం మల్లాపూర్‌కు ఇయ్యమనండి. ఖర్చేం లేదు, జాడీ, ఉప్పు, మామిడికాయ, ప్లాస్టిక్ సంచి, ఇంత సున్నం. వచ్చే ఆదివారం పొద్దుగాల పది గంటలకు ఇదే జాగల మొదలుపెడుతున్నం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని తోలండి, ఆడపిల్లల్ని ముందుగాల తోలండి. సైన్సు పుస్తకం వెంట తెచ్చుకొని, అర్థంకాని మాట కింద గీత గీసుకొని రమ్మనండి.