ఏరు లేని ఊళ్లో ఆవిరి పడవ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"పుంగనూరులో రేకుల షెడ్డు వేసుకుని ఏదో పడవ కడతా ఉండావంట, దాని గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు మన కార్యదర్శి. పుంగనూరంటే అందరికీ పొట్టి ఆవు గుర్తొస్తుంది గానీ పడవ గుర్తు రాదు. నేను అక్కడ పుట్టి, మదనపల్లెలో మీతో చదువుకుని, కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీల మిషన్లకు లేతు పని చేసి రిటైరైనవాణ్ణి. ఈ మూడూళ్లలో ఎక్కడా పడవెక్కి పోయే ఏరు లేదు. మంచి వానలొచ్చిన ఏడు చెరువు మొరవ పోతే అదే మనకు గోదావరి. అసలు గోదావరిని, దాని మీద పడవను మనకు చూపించింది సినిమాలే. 1964లో మూగమనసులు, 1973లో అందాల రాముడు వచ్చినప్పుడు టాకీసులో నేల మీద కూర్చుని ఎంతమందిమి చూశామో మీకు తెలుసు.

నేను కడుతున్నది మాత్రం ఇంగ్లీషు సినిమాలో పడవ. సినిమా పేరు 'ది ఆఫ్రికన్ క్వీన్'. 1951లో వచ్చింది. దర్శకుడు జాన్ హ్యూస్టన్. హంఫ్రీ బోగార్ట్, కేథరిన్ హెప్‌బర్న్ నటించారు. బోగార్ట్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది ఈ సినిమాకే. నేను దీన్ని ఉద్యోగంలో చేరాక బెంగళూరులో చూశాను. అందరూ కథ చూస్తుంటే నేను బాయిలరు చూశాను. ఒక చోట పడవ సుడిలో దెబ్బ తిని షాఫ్టు వంగిపోతుంది, ప్రొపెల్లరు రెక్క విరిగిపోతుంది. వర్క్‌షాపు లేదు, మెకానిక్కు లేడు. ఏటి గట్టున కట్టెలు మండించి ఆ ఇద్దరే షాఫ్టును సాపు చేసి, రెక్క అతికి మళ్లీ బయల్దేరతారు. రోజూ లేతు మీద షాఫ్టులు తిప్పేవాడికి ఆ సీను ఎలా ఉంటుందో చూడండి!

ఆ పడవ సినిమా కోసం చేసిన బొమ్మ కాదు. 1912లో ఇంగ్లండులోని లైథమ్‌లో కట్టారు. పొడవు 30 అడుగులు. అప్పటి పేరు లివింగ్‌స్టన్. ఆఫ్రికాలో ఆల్బర్ట్ సరస్సు మీద సరుకులు, మనుషులు మోసింది. 1968లో అమెరికా చేరింది. తర్వాత పట్టించుకునేవాళ్లు లేక ఫ్లోరిడాలో పడి ఉంటే, 1982లో జిమ్ హెండ్రిక్స్ అనే లాయరు కొని బాగు చేయించుకున్నాడు. 1992లో అమెరికా ప్రభుత్వం దాన్ని చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది. హెండ్రిక్స్ పోయాక పడవ మళ్లీ మూలపడింది. చివరికి లాన్స్ హోమ్‌క్విస్ట్, సుజాన్ హోమ్‌క్విస్ట్ అనే దంపతులు తీసుకుని కొత్త బాయిలరు పెట్టి, తుప్పు తిన్న ఉక్కు మార్చి, నూరేళ్లు నిండిన 2012లో మళ్లీ నీళ్లలోకి దించారు. చూశారా, ఒకసారి బాగు చేస్తే సరిపోలేదు. రెండోసారి ఇంకెవరో రావాల్సి వచ్చింది.

నాది మూడో వంతు నమూనా. పది అడుగులు. పదకొండేళ్లుగా నడుస్తోంది. మొదటి ఏడు ఉత్త డ్రాయింగులకే సరిపోయింది. మన లెక్కల అయ్యవారు వర్గం, ఘనం చెప్పినప్పుడు దేనికి పనికొస్తాయో నాకు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది. పొడవు మూడో వంతు చేస్తే రేకు తొమ్మిదో వంతు పడుతుంది, బరువు ఇరవై ఏడో వంతుకు దిగుతుంది. మనిషి మాత్రం మూడో వంతు కాడు! అందుకే ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటే ఒరిగిపోతుంది. అడుగున ఇనుప దిమ్మెలు వేసి, ఒక్కరే కూర్చుని నడిపేలా చేశాను.

బాయిలరు 18 లీటర్లది. 25 లీటర్ల లోపు వాటికి బాయిలర్ల చట్టం వర్తించదు. చట్టం వదిలిపెట్టినా ఆవిరి వదిలిపెట్టదు కాబట్టి రెండు సేఫ్టీ వాల్వులు పెట్టాను. నడిచేది నాలుగు కిలోల ఒత్తిడి మీద, పరీక్ష పెట్టింది ఎనిమిది కిలోలకు. ఆ పరీక్ష ఆవిరితో చేయరు, చన్నీళ్లతో చేస్తారు. నీళ్లు అణగవు కాబట్టి ఎక్కడైనా చీలితే కారిపోతుందే తప్ప పేలదు. పోయిన ఏడు చెరువు నిండినప్పుడు దించాం. చింతకట్టెలతో నలభై నిమిషాలకు ఆవిరి లేచింది. గట్టు మీద మేకలు కాసే పిల్లలు కూత వినబడగానే పరుగెత్తుకొచ్చారు. పడవ ఆగిందాకా ఇంటికి పోలేదు.

ఇప్పుడు అసలు మాట. నాకు డెబ్బై దాటింది. పడవలో చేయాల్సింది ఇంకా ఉంది. పందిరి వేయాలి, నీళ్ల పంపు మార్చాలి. నా తర్వాత దీని గతేమిటి అని నా భార్య అడిగినప్పుడల్లా నాకు ఇంకో ఓడ గుర్తొస్తుంది. ఆ సినిమాలో శత్రువుల ఓడ ఉంది కదా, దానికి మూలమైన నిజం ఓడ గ్రాఫ్ ఫాన్ గోట్సెన్. జర్మన్లు 1913లో కట్టి, మళ్లీ విప్పి, 5,000 పెట్టెల్లో ఆఫ్రికాకు పంపి టాంగన్యికా సరస్సు ఒడ్డున బిగించుకున్నారు. 1916లో యుద్ధంలో వెనక్కి పోతూ శత్రువుకు చిక్కకూడదని వాళ్లే ముంచేశారు. అయితే ముంచేముందు ఇంజన్లకు మందంగా గ్రీజు పూశారు. 1924లో బ్రిటిషు వాళ్లు పైకి తీశారు. 1927లో లియెంబా అనే పేరుతో అది మళ్లీ తిరిగింది, ఎన్నో దశాబ్దాలు ప్రయాణికులను మోసింది. ఓడ చేజారిపోతోందని తెలిసీ గ్రీజు పూసిన ఆ ఇంజనీర్లకు నేను దణ్ణం పెడతాను.

నేనూ నా వంతు గ్రీజు పూస్తున్నాను. డ్రాయింగులన్నీ తెలుగులో కొలతలతో రాసి మూడు నోటుబుక్కులు చేశాను. ఏ నట్టు ఏ సైజో, ఏ వాషరు ఎప్పుడు మార్చాలో అందులో ఉంది. పడవను, లేతును, పనిముట్లను మన బడికి ఇస్తాను. ఒక్కటే షరతు. దాన్ని అద్దాల బీరువాలో పెట్టొద్దు. ఏడాదికొక్కసారైనా పొయ్యి వెలిగించాలి, పెద్దవాళ్లు పక్కనుండగా పిల్లలే నడపాలి. ఆడపిల్లలు కూడా.

మనం చదివేటప్పుడు క్రాఫ్టు పీరియడుండేది. చిత్రిక పట్టడం నేను నేర్చుకుంది ఆ షెడ్డులోనే. ఇప్పుడు దానికి తాళం వేసుంది, లోపల విరిగిన బెంచీలున్నాయి. స్వర్ణోత్సవం పేరు మీద మనం స్వాగత ద్వారం కట్టాలనుకుంటున్నామని విన్నాను. కట్టండి, కాదనను. దాంతోపాటు ఆ తాళం కూడా తీయించండి. డబ్బు ఎక్కువ పట్టదు. కావాల్సింది నెలకొక శనివారం. మనలో వెల్డర్లున్నారు, ఎలక్ట్రీషియన్లున్నారు, ఇంజనీర్లున్నారు, రిటైరై ఇంట్లో పేపరు రెండుసార్లు చదివేవాళ్లూ ఉన్నారు. ఎనిమిది మంది పేర్లిస్తే చాలు, వచ్చే నెల మొదటి శనివారం నేను పుంగనూరు నుంచి పొద్దున బస్సుకు వచ్చేస్తాను. పేర్లు రాసుకోవడానికి నోటుబుక్కు తెచ్చాను. భోజనాల దగ్గర ఉంటాను.

సెలవు.