వేలం పాటకు ముందు కబడ్డీ అభిమానుల లెక్కలు



ఆనేకల్, అత్తిబెలె, సర్జాపుర వైపు ఉండే తెలుగువాళ్లకు కబడ్డీ విషయంలో ఒక చిక్కుంది. ఉన్న ఊరు చూసుకుంటే బెంగళూరు బుల్స్ మన జట్టు. ఇంట్లో మాట చూసుకుంటే తెలుగు టైటన్స్. పొలిమేర దాటితే హొసూరు, అక్కడ తమిళ్ తలైవాస్. ఒకే ఇంట్లో అన్న ఒక జట్టు, తమ్ముడు ఇంకో జట్టు. మనం చెడుగుడు అనేదాన్ని అవతల సడుగుడు అంటారు. ఆట ఒకటే, కూత ఒకటే. అభిమానం దగ్గరే పంచాయితీ.

ఈ పంచాయితీ ముదిరేది ఆటలప్పుడు కాదు, అంతకు ముందే. ప్రో కబడ్డీ లీగ్ వేలం పాట దగ్గర పడుతుంటే టీ అంగళ్ల దగ్గర లెక్కలు మొదలవుతాయి. ఎవణ్ణి ఉంచుకోవాలి, ఎవణ్ణి వదిలేయాలి, ఎవడికి ఎంతదాకా పాట పాడవచ్చు? ఈ లెక్కలు ఎంతవరకు నిలబడతాయో ఇవాళ కాసేపు ముచ్చటించుకుందాం.

మన వైపు చింతచెట్లను కాపు చూసి వేలం పాడడం అందరికీ తెలిసిందే. పూత చూసి పాడిన వాడికి గాలివాన భయం, కాయ చూసి పాడిన వాడికి ధర భయం. ఆటగాళ్ల వేలమూ అంతే. 2014లో లీగ్ మొదటి వేలంలో అందరికన్నా ఎక్కువ ధర పలికింది రాకేశ్ కుమార్‌కు, 12 లక్షల 80 వేలు. 2018లో మోను గోయత్ కోటీ 51 లక్షలు పలికాడు. 2023లో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటన్స్ వాళ్లు 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకున్నారు. తొమ్మిదేళ్లలో ధర ఇరవై రెట్లయింది.

ఆ 2023 పాట సంగతే కొంచెం నిదానంగా చూద్దాం. ఆ ఏడు ఒక్కో జట్టు తన ఆటగాళ్లందరి మీదా కలిపి ఖర్చు పెట్టగలిగింది 5 కోట్లు. అందులో సగానికి మించి ఒక్కడికే పోయింది. మిగతా జట్టంతా మిగిలిన సగంలోనే సర్దుకోవాలి. పవన్ ఆడలేదా అంటే, ఆడాడు. కూతకు వెళ్లి 200కు పైగా పాయింట్లు తెచ్చాడు. అయినా టైటన్స్ 22 ఆటల్లో గెలిచింది రెండే. పట్టిక అడుగున నిలిచారు. కూతకు వెళ్లినవాడు ఔటై బయట కూర్చుంటే, మళ్లీ లోపలికి రావాలంటే వెనక ఉన్నవాళ్లు ఎదుటివాణ్ణి ఔట్ చేయాలి. పట్టేవాళ్లు లేనప్పుడు ఎంత ఖరీదైన కూతగాడైనా గీత బయటే కదా! నా మటుకు నాకు వేలంలో ముందు చూడవలసింది మూలల్లో నిలబడి పట్టుపట్టే ఇద్దరినీ అనిపిస్తుంది. కానీ వాళ్ల పేర్లు చెప్పి టీ అంగడి దగ్గర ఎవరూ పందెం కట్టరు.

ఆ ఏడు కప్పు గెలిచిన పుణేరి పల్టన్‌ను చూడండి. ఇరాన్ ఆటగాడు షాద్లూయీకి వాళ్లూ 2 కోట్ల 35 లక్షలు పోశారు. అయితే అతని చుట్టూ అస్లం ఇనాందార్ వంటి కుర్రవాళ్లను ముందునుంచే పెంచుకుని ఉన్నారు. ఆ జట్టుకు శిక్షకుడు మన కర్ణాటక మనిషి, అర్జున పురస్కారం అందుకున్న బి.సి. రమేశ్. 2019లో బెంగాల్ వారియర్స్ గెలిచినప్పుడూ ఆయనే శిక్షకుడు.

ఇక బుల్స్ అభిమానులకు మానని గాయం ఒకటుంది. 2015లో ప్రదీప్ నర్వాల్ అనే హర్యానా కుర్రవాడు బుల్స్‌లోనే ఉన్నాడు. ఆడించింది తక్కువ. మరుసటి సీజనుకు అతను పట్నా పైరేట్స్‌కు వెళ్లాడు. పట్టుకోవడానికి చుట్టుముట్టినవాళ్ల చేతుల కిందుగా మునిగి గీత చేరే ఆ 'డుబ్కీ' అక్కడే లోకానికి తెలిసింది. పట్నా వరసగా మూడు కప్పులు గెలిచింది. 2017లో ఒక్క సీజనులోనే కూత మీద 369 పాయింట్లు. చేతిలో ఉన్నప్పుడు గుర్తించలేదని ఇప్పటికీ బాధపడే పెద్దలున్నారు. కానీ న్యాయంగా చెప్పాలంటే ఆనాడు ఆ కుర్రవాడి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఇదే బుల్స్ పవన్ విషయంలో మాత్రం గెలిచారు. 2017లో గుజరాత్ జట్టులో ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నవాణ్ణి మళ్లీ తెచ్చుకున్నారు. 2018-19 సీజనులో అతను కూత మీద 271 పాయింట్లు తెచ్చి, ఫైనల్లో ఒక్కడే 22 పాయింట్లు కొట్టి, బుల్స్‌కు మొదటి కప్పు అందించాడు. అదే పవన్‌ను 2022లో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు పాడుకుంటే, మొదటి ఆటలోనే, మన కంఠీరవ స్టేడియంలోనే, మోకాలు దెబ్బతిని సీజనంతా ఆడలేకపోయాడు. చింతచెట్టుకు గాలివాన అన్నది అందుకే.

అమెరికాలో బాస్కెట్‌బాల్ వాళ్ల పద్ధతి వేరు. అక్కడ కొత్త ఆటగాళ్లను డబ్బుతో పాడుకోరు, వరసలో ఎంచుకుంటారు. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. కిందటి ఏడు బాగా ఓడినవాళ్లకే ముందు వరస దక్కే అవకాశం ఎక్కువ. ఆ లెక్కన మన టైటన్స్‌కు ఏటా మంచి వరసే దొరికేది! అయితే వరస దొరికినా ఎంపిక కుదరాలి. 1984లో మైకేల్ జోర్డాన్ మూడోవాడుగా పోయాడు. రెండో వరస చేతిలో ఉన్న పోర్ట్‌లాండ్ వాళ్లు, అతని చోట ఆడేవాడు తమకు ఇదివరకే ఉన్నాడని, పొడుగరి శామ్ బౌవీని తీసుకున్నారు. 2015లో పంజాబుకు చెందిన సత్నాం సింగ్‌ను డల్లాస్ జట్టు 52వవాడుగా ఎంచుకుంది. డ్రాఫ్టులో ఎంపికైన మొదటి భారతీయుడు అతనే. కానీ ఆ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడే యోగం పట్టలేదు.

మన వేలంలో ఓడినవాళ్లకు అటువంటి దయ లేదు. ఆటగాడికీ లేదు. లీగ్ చరిత్రలో కూత మీద అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చిన ప్రదీప్ నర్వాల్‌ను, 2024లో బుల్స్ 70 లక్షలకు తిరిగి తెచ్చుకున్నారు. 2025 వేలంలో అతని పేరు చదివితే ఒక్క జట్టూ పాట పాడలేదు. కొద్దిరోజులకే ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు. అదే వేలంలో పవన్‌కు వచ్చింది 59 లక్షల 50 వేలు. పవన్ లేని టైటన్స్ మాత్రం, విజయ్ మలిక్ నాయకత్వంలో, ఆ ఏడు ప్లేఆఫ్స్‌కు చేరారు. టీ అంగడి లెక్కల్లో ఈ సంగతి ముందుగా చెప్పినవాళ్లు నాకు తారసపడలేదు.

మరి మన మట్టి బరిలో కూత పెట్టే పిల్లవాడి మాటేమిటి? అతను ఆనేకల్ వాడైతే కర్ణాటక తరఫున, హొసూరు వాడైతే తమిళనాడు తరఫున, కుప్పం వాడైతే ఆంధ్ర తరఫున పైకి రావాలి. మూడు ఊళ్లలోనూ ఇంట్లో తెలుగే. జిల్లా, రాష్ట్రం, జాతీయ పోటీలు, ఆ తరువాత వేలం జాబితా. మట్టి మీద నేర్చిన కాలు మ్యాట్ మీద బూట్లతో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. కాలేజీలో చేరిన పిల్లలకు ఇంకో వాకిలి ఉంది. 2022లో బెంగళూరులో విశ్వవిద్యాలయాల ఖేలో ఇండియా పోటీలు జరిగినప్పుడు, కబడ్డీ ఫైనల్ చేరిన రెండు జట్ల నుంచి 24 మందిని ఆ ఏటి వేలం జాబితాలో చేర్చారు. జాబితాలో మొత్తం 500 మందికి పైనే. 2023 నాటి లెక్కలో అట్టడుగు తరగతి కనీస ధర 9 లక్షలు. రాగి చేను అమ్మి పిల్లవాణ్ణి ఆటకు పంపే ఆలోచన ఉన్న తండ్రి, 2 కోట్ల 60 లక్షల అంకె పక్కన ఈ 9 లక్షల అంకె కూడా రాసుకోవాలి. ఆ జాబితాలో పేరుండీ ఎవరూ పాడనివాళ్ల సంఖ్యనూ కనుక్కోవాలి. పిల్లవాడి కాలేజీ ఫీజు మాత్రం ఆపకూడదు. ఆ రెండో వాకిలి తెరిచింది కాలేజీ పిల్లలకే.