గ్రంథాలయములు – పురజనులు

1914 ఏప్రిల్ 10వ తేదీన, అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు మన బెజవాడలోనే తొలిసారి సమావేశమైరి. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పుస్తకముల పడవను నడిపించిరి. ఆనాడు పుస్తకమే పాఠకుని రేవునకు వచ్చెడిది.

నేడు భవానీపురమున ఇల్లుగలవారు ఆస్తిపన్నుతోపాటు, ఆ పన్నులో రూపాయికి 8 పైసల వంతున, గ్రంథాలయ సుంకము చెల్లించుచున్నారు. అద్దెకున్నవారికిని ఆ భారము అద్దెలో కొంత చేరుచునే యున్నది. అనగా మనమందరము ఇదివరకే చందాదారులము. పుస్తకము తెచ్చుకొననివారు తమ సొమ్మును తామే వదలుకొనుచున్నారు.

గ్రంథాలయాభివృద్ధిని బీరువాల సంఖ్యతో గాక, నెలకెన్ని యిండ్లకు పుస్తకములు వెళ్లినవో దానినిబట్టి లెక్కింపవలెను. చదువువారు పెరిగిననే మంచి పుస్తకములు కావలెనని గట్టిగా అడుగువారును పెరుగుదురు. కావున ఇంటికొక సభ్యత్వమైనను తీసికొనుడు.