ఇనప మూకుడూ, ఇంటి చాకిరీ

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



రక్తహీనత గురించి మాట్లాడమంటే మూకుడుతో మొదలుపెడుతున్నానని నవ్వుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అందుకే మనలో చాలామందిమి ఊళ్లకు వెళ్లి, "అల్యూమినియం గిన్నెలు మాని ఇనప మూకుట్లో వండుకోండి" అని చెబుతున్నాం. నేనూ చెప్పాను.

అందులో నిజం లేకపోలేదు. ఇథియోపియాలో చిన్నపిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అల్యూమినియం పాత్రల్లో వండింది తిన్న పిల్లలకన్నా ఇనప పాత్రల్లో వండింది తిన్న పిల్లల్లో రక్తహీనత ఎక్కువగా తగ్గింది. చింతపండు, టమాటా పడితే ఇనుము కూరలోకి ఇంకాస్త దిగుతుంది.

అయితే నా మాట విని పోత ఇనుము మూకుడు కొన్న ఒకామె, మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు నన్ను నిలదీసింది. వంకాయ పులుసు చేసి రాత్రంతా అందులోనే ఉంచిందట. తెల్లారేసరికి పులుసు నల్లబడింది. మొగుడు కంచం విసిరికొట్టాడు. "అక్కా, నువ్వు చెప్పిన మూకుడే ఇది. ఎత్తలేకపోతున్నా, తోమలేకపోతున్నా, అయినా తుప్పే. ఇంతా చేసి, చివర్న అడుగంటింది తినేది నేనేగా?"

తప్పు నాదే. కొనమన్నానుగానీ వాడకం చెప్పలేదు. కొత్త మూకుణ్ణి ఒక్కసారి సబ్బుతో బాగా కడిగి, పొయ్యి మీద తడి ఆర్చాలి. నూనె పలచగా పట్టించి, ఎక్కువైంది తుడిచేసి, పొగ వచ్చేదాకా కాచి చల్లారనివ్వాలి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే నూనె గట్టిపడి నల్లని పొర కడుతుంది. కూర అంటుకోకుండా, తుప్పు రాకుండా కాపాడేది ఆ పొరే. మొదట్లో వేపుళ్లే చేసుకోవాలి. చిక్కేమిటంటే, ఇనుము దిగాలంటే పులుపు కావాలి, ఆ పులుపే పొరను తినేస్తుంది. కాబట్టి పులుసు కాగానే వేరే గిన్నెలోకి తీసెయ్యాలి.

మనం చెప్పని మంచి సంగతి ఇంకొకటుంది. దీన్ని ఇటుకపొడితో తళతళలాడేలా తోమక్కర్లేదు, తోమకూడదు కూడా. వేడినీళ్లు, కొబ్బరిపీచు చాలు. మాడితే గుప్పెడు ఉప్పు. నానబెట్టొద్దు. కడగ్గానే పొయ్యి మీద ఆర్చి, చుక్క నూనె రాస్తే సరి. కాలుతున్న మూకుట్లో చన్నీళ్లు పోస్తే పగులుతుంది. పోత ఇనుము పెళుసు. తుప్పు పట్టిందని పారేయొద్దు, గీకి మళ్లీ నూనె కాస్తే బాగుపడుతుంది.

ఇంకో మాట. గర్భిణికి నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు అందాల్సిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలకు మూకుడు బదులు కాదు. మాత్రలు రాని ఊళ్లో వాటి కోసం అడగకుండా, ఆడవాళ్లకు మూకుడు పాఠం చెప్పి రావడం మనకు తేలికైన పని, అంతే. అందరి తర్వాత తినే ఆమెకు కూరే మిగలకపోతే ఏ పాత్రలో వండితే ఏం?

తర్వాతి సమావేశానికి మగవాళ్లనూ పిలిచాం. నలుగురు వచ్చారు. నూనె కాచడం వాళ్లచేతే చేయించాం. ఒకతను మూకుణ్ణి ఒంటిచేత్తో ఎత్తబోయి దించేసి, "ఇది రోజూ ఎత్తుతున్నారా?" అన్నాడు.